రేంజిఫైండరు కెమెరాయు మన ప్రాంతపు దుమ్మును

ఛాయాచిత్రమునకు ముఖ్యముగా కావలసినవి రెండు: వెలుతురు, శుభ్రత. మన సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతములందు మొదటిదానికి కొఱత లేదు. రెండవది మాత్రము ప్రయత్నించి సంపాదించుకొనవలసినదే. శివరాత్రి గడచినది మొదలు మృగశిర కార్తె వఱకు నేల యెండి పొడియగును. 65వ నంబరు జాతీయ రహదారిమీద రేయింబవళ్లు లారీలు నడచును. కొండలు పగులగొట్టుచోట్ల తెల్లని పొడి మేఘమువలె లేచును. వేసవి చివర ఈదురుగాలి వచ్చిన, ఎదుటి మనిషి కానరాడు.

నేడు చిత్రములు తీయువారిలో పెక్కుమంది టెలిఫోనుతోనే తీయుచున్నారు. అయినను కొన్ని యిండ్ల బీరువాలలో పాత రేంజిఫైండరు కెమెరాలు నేటికిని పదిలముగా నున్నవి. వానికి తగిన ఫిలిము ఇప్పటికిని దొరకుచున్నది. కాని వెల హెచ్చు. చుట్ట యొకటికి వచ్చునవి 36 చిత్రములే. అట్టి చుట్టను దుమ్ముపాలు చేసికొనకుండ పని సాగించుట యెట్లో ఈ వ్యాసమున వివరింతును.

ఇది క్రొత్త కష్టము కాదు

ఛాయాగ్రహణవిద్య 1839వ సంవత్సరమున ఐరోపాలో లోకమునకు వెల్లడియయ్యెను. దక్కను దేశమున దానికి గొప్ప పేరు తెచ్చినవాడు రాజా దీన్‌దయాళ్ (1844–1905). ఈయన మీరట్టు సమీపమున సర్ధనాలో జన్మించి, రూర్కీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, పిమ్మట ఆఱవ నిజాము మహబూబ్ అలీ ఖాను ఆస్థానమున ఛాయాచిత్రకారుడయ్యెను. సికింద్రాబాదులో ఆయన స్టూడియో నడిపెను. ఆయన సంస్థవారి గాజు పలకలు రెండు వేల యెనిమిది వందలకు పైగా నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రముగా నున్నవి. ఆ కాలమున గాజు పలకమీద ఒక రేణువు కూర్చున్నను పటములో మచ్చ పడెడిది. సన్నని కుంచెతో దానిని దిద్దవలసి వచ్చెడిది. అయితే నాటి పలకలు పెద్దవి. నేటి ఫిలిము చట్రము 24 మిల్లీమీటర్ల వెడల్పు, 36 మిల్లీమీటర్ల పొడవు మాత్రమే గలది. దానిని 12 అంగుళముల పటముగా పెంచునపుడు అందలి ప్రతి వస్తువు ఎనిమిది రెట్లకు మించి పెరుగును. కంటికానని రేణువుకూడ ఆవగింజలో సగమువలె కనబడును. చిన్న కెమెరా వచ్చినకొలది దుమ్ముతోడి తగవు పెరిగినదేగాని తగ్గలేదు.

మన దుమ్ము స్వభావము

దుమ్మంతయు నొక్కటి కాదు. మన జిల్లాలో ఎఱ్ఱ చెల్క నేలయు, నల్ల రేగడియు రెండును గలవు. పటాన్‌చెరులో 1972లో నెలకొల్పబడిన ఇక్రిశాట్ అను అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధనా సంస్థ క్షేత్రమునందే యీ రెండు నేలలును ప్రక్కప్రక్కన నున్నవి.

చెల్క దుమ్ములో పలుగురాతి యిసుక యుండును. ఖనిజముల కాఠిన్యమును 1 మొదలు 10 వఱకు లెక్కించు మోసు కొలతలో పలుగురాయి 7వ స్థానమున నున్నది. మామూలు గాజు సుమారు అయిదున్నర. కావున పలుగురాతి రేణువు గాజును గీయగలదు. గాజు దానిని గీయలేదు. లెన్సుమీది దుమ్మును పొడిగుడ్డతో రుద్దువాడు తన లెన్సును గరుకు కాగితముతో రుద్దినట్లే.

రేగడి దుమ్ము వేఱు. అది మెత్తని బంకమన్ను. అందలి కణములు పెక్కు మిల్లీమీటరులో అయిదు వందలవ వంతుకంటె చిన్నవి. అది గీయుట తక్కువ, చొరబడుట యెక్కువ. ఎంత సన్నని సందులోనికైనను పోవును. చెమటగాని నూనెగాని తగిలిన పేస్టువలె పట్టుకొని, త్రిప్పుడు వలయములను బిగించును.

మూడవది రాతి పొడి. లక్డారం మొదలగుచోట్ల గ్రానైటు కొండలను పగులగొట్టి కంకర చేయుదురు. గ్రానైటులో పలుగురాయి కలదు. గాలికి నీటికి అరిగిన రేణువు గుండ్రబడును. యంత్రములో అప్పుడే పగిలిన రేణువునకు కత్తివంటి యంచులుండును. ఈ మూడింటిలో కెమెరాకు మిక్కిలి హాని చేయునది యిదియే.

రేంజిఫైండరు పనిచేయు తీరు

చేయి చాచి బొటనవ్రేలు నిలువుగా పట్టుడు. ఒక కన్ను మూసి, మఱొక కంట చూడుడు. పిమ్మట కన్ను మార్చుడు. వ్రేలు ప్రక్కకు గెంతినట్లు తోచును. వ్రేలు దగ్గఱైన గెంతు హెచ్చు, దూరమైన తగ్గు. ఈ భేదమునుబట్టి దూరమును కొలుచుటయే రేంజిఫైండరు సూత్రము.

కెమెరా ముఖముమీద పైభాగమున రెండు కిటికీలుండును. పెద్దదానిగుండ మనము దృశ్యమును నేరుగా చూతుము. చిన్నదానిగుండ వచ్చు వెలుతురు లోపలి యద్దమునకు తగిలి మరలి, దృశ్యము నడుమ చిన్న చతురస్రముగా పడును. లెన్సును త్రిప్పినపుడు దాని వెనుక యంచు ఒక చిన్న చక్రమును నెట్టును. ఆ చక్రము అద్దమును కదల్చును. రెండు ప్రతిబింబములు ఒక్కటియైనపుడు లెన్సు ఆ దూరమునకు సరిపోయినదని యర్థము. కిటికీల నడుమ దూర మెంత యెక్కువైన కొలత అంత నిక్కము. లైకా ఎమ్ రకమున అది సుమారు 7 సెంటీమీటర్లు. 1936 నాటి రెండవ కాంటాక్సులో 9 సెంటీమీటర్లు.

ఆస్కార్ బర్నాక్ అను జర్మను శిల్పి కల్పించిన లైకా 1925లో లైప్జిగ్ సంతలో వెలువడెను. లెన్సుతో జోడించిన రేంజిఫైండరు దానికి 1932లో అమరినది. కాంటాక్సు కెమెరాయు ఆ యేటనే వచ్చినది. 1934 మొదలు ఖార్కోవ్ నగరమున, దిక్కులేని బాలురకై యేర్పడిన శ్రమనివాసములో, లైకాను బోలిన ఫెడ్ కెమెరాలను అచ్చటి యువకులే తయారుచేసిరి. విద్యాశాస్త్రజ్ఞుడైన అంతోన్ మకరెంకో ఆ నివాసమునకు పెద్ద. మిల్లీమీటరులో నూఱవ వంతు తప్పిన పనికిరాని యంత్రమును పాఠశాలయీడు పిల్లలు నిర్మించిరనుట మన విద్యార్థులు గుర్తుంచుకొనదగినది.

రెండు కన్నుల చిక్కు

దుమ్ములో ఈ కెమెరాకు కొన్ని యనుకూలములు కలవు. లోపల ఎగిరిపడు అద్దము లేదు గనుక గాలిని కలచునది తక్కువ. కేనన్ కంపెనీవారి కేననెట్, యాషికా ఎలెక్ట్రో 35 వంటి రకములలో లెన్సు ఊడదు. దుమ్ము చొచ్చుటకు పెద్ద ద్వారమే లేదు.

కాని దీని గుణమునుండియే దీని లోపమును పుట్టినది. ఇందు మన కన్ను చూచు కిటికీ వేఱు, ఫిలిము చూచు లెన్సు వేఱు. లెన్సుమీద వ్రేలెడు మన్ను పట్టినను కిటికీలో దృశ్యము తేటగానే యుండును. లెన్సు మూత తీయకుండ చుట్ట యంతయు తీసినను కిటికీ మనకేమియు చెప్పదు. ఇతర కెమెరాలలో దృష్టి లెన్సుగుండ పోవును గనుక దోషము కంటబడును. ఇందు దోషము ఫిలిము కడిగిన పిదపనే తెలియును. అప్పటికి పెండ్లి ముగిసియుండును. చిత్రములోని ముసలితాత ఊరికి వెడలిపోయియుండును. కావున దుమ్ములో రేంజిఫైండరు వాడువానికి మొదటి సూత్రమిది: కిటికీలో కనబడినదానిని నమ్మక, వేళకు వేళ కెమెరాను త్రిప్పి లెన్సు ముఖమును కంటితో పరీక్షింపవలెను.

మఱొక సూక్ష్మము కలదు. లెన్సు ఊడునట్టి కెమెరాలో, లెన్సు కూర్చుండు లోహపు వలయముమీద ఒక రేణువు పడినదనుకొనుడు. దాని మందము మిల్లీమీటరులో ఇరువదవ వంతు, అనగా 0.05. లెన్సు ఒక ప్రక్క అంతమేర లేచి కూర్చుండును. లెన్సు ఎఫ్ 2 వఱకు తెఱచినపుడు ఫిలిము సరియైన స్థానమునుండి సుమారు 0.06 మిల్లీమీటరు కంటె తొలగరాదు. ఆ యొక్క రేణువే సహింపదగిన యెడమునంతయు దాదాపు తినివేయును. పటములో ఒక ప్రక్క స్పష్టముగాను, మఱొక ప్రక్క మబ్బుగాను వచ్చును. లోపలి చిన్న చక్రముమీద మన్ను పట్టినయెడల ప్రతిబింబములు కలిసినట్లే కనబడును, చిత్రము మాత్రము చెడును.

మచ్చలను చదువుట

దుమ్ము ఎచ్చట చేరినదో తెలిసికొనుటకు పటమే సాక్షి. వైద్యుడు నాలుకను చూచినట్లు పటమును చూచి చెప్పవచ్చును.

నల్లచుక్క: చిత్రము తీయునపుడే ఫిలిముమీద రేణువు కలదు. దాని నీడలో ఫిలిమునకు వెలుతురు తగులలేదు. నెగెటివులో ఆ చోటు తేటయై, పటములో నల్లనైనది. కెమెరా లోపలిభాగము శుభ్రపఱుపవలెను.

తెల్లచుక్క: పటము వేయునపుడు నెగెటివుమీద దుమ్ము కలదు. కెమెరాయందు తప్పు లేదు.

చుట్ట పొడవున సాగిన గీత: ఫిలిము డబ్బీ నోటనున్న మఖమలులోగాని, ఫిలిమును వెనుకనుండి అదుము పలకమీదగాని రేణువు చిక్కుకొని గీయుచున్నది. గీత మందుపూత ప్రక్కను లోతుగా పడిన పటములో నల్లగాను, వీపు ప్రక్కను పడిన తెల్లగాను కనబడును.

మెఱుపుతీగవంటి తెల్లని కొమ్మలు: ఫిలిమును వేగముగా త్రిప్పుటవలన పుట్టిన విద్యుత్తు. వేసవి పొడిగాలిలో ఇది జరుగును. దువ్వెనకు కాగితపు ముక్కలంటినట్లు ఆ విద్యుత్తువలన ధూళియు ఫిలిమునకంటును.

చుక్కలు లేక పటమంతయు వెలవెలబోవుట: లెన్సు ముఖముమీద దుమ్ము. అక్కడి రేణువు చుక్కగా పడదు; వెలుతురును చెదరగొట్టి నలుపును బూడిదవర్ణముగా చేయును. సూర్యుడు ఎదుట నున్నపుడు ఇది మఱింత హెచ్చు.

డిజిటలు రేంజిఫైండరులో ప్రతి చిత్రమున ఒకే చోట మసక చుక్క వచ్చినయెడల, అది సెన్సరుమీది దుమ్ము. ఎఫ్ 16 వంటి చిన్న రంధ్రమున అది స్పష్టపడును.

బయలుదేరుటకు ముందు

ఫిలిమును ఇంటిలోనే ఎక్కింపవలెను. ఫంకా ఆపి, తలుపు మూసి, కడిగి యారిన బల్లమీద పని చేయవలెను. ఫిలిము డబ్బీ నోటి మఖమలును మెత్తని కుంచెతో దులుపవలెను. లెన్సు ముందు తేటగాజు ఫిల్టరును బిగింపవలెను. గీతపడిన ఫిల్టరును మార్చవచ్చును, లెన్సును మార్చుట కష్టము. రాత్రివేళ చంద్రునివైపు చూచి, లెన్సును అనంతదూరమునకు త్రిప్పి, రెండు చంద్రులు ఒక్కటగుచున్నవో లేదో పరీక్షింపవలెను. ఒక్కటి కానియెడల రేంజిఫైండరు చెదరినది, పనివానికి చూపవలెను.

కెమెరాను పలుచని ప్లాస్టికు సంచిలో నుంచి, దానిని బిగువైన మూతగల స్టీలు డబ్బాలో పెట్టిన చాలును. తేమ పీల్చుటకని డబ్బాలో బియ్యము పోయువారు కలరు. బియ్యపు తవుడుకూడ దుమ్మే. ఆ పని కూడదు.

పనిచోట

గాలి వచ్చు దిక్కునకు వీపు పెట్టి నిలువుడు. దుమ్ము మీనుండి దూరముగా పోవును; చిత్రములోను దుమ్ము తెఱ యందముగా పడును. లారీ పోయిన వెంటనే కెమెరాను పైకి తీయక, నూఱు లెక్కించునంతసేపు ఆగుడు. లెన్సును మార్చకుడు. మార్చక తప్పనియెడల కెమెరా నోటిని నేలవైపు వంచి, సంచి లోపలనే మార్చుడు.

వలయములను త్రిప్పుట యెంత తగ్గిన అంత మేలు. దీనికొక చక్కని యుపాయము కలదు. 35 మిల్లీమీటర్ల లెన్సును ఎఫ్ 8కి బిగించి, దూరమును 5 మీటర్లకు నిలిపినయెడల, సుమారు రెండున్నర మీటర్లు మొదలు కనుచూపుమేర వఱకు అంతయు స్పష్టముగా వచ్చును. మధ్యాహ్నపు నిండు ఎండలో 100 వేగపు ఫిలిమునకు ఎఫ్ 8తో సెకనులో 500వ వంతు సరిపోవును. ఇట్లు ముందే అమర్చుకొన్నవాడు కెమెరాను తీయుట, నొక్కుట, మఱల సంచిలో నుంచుట మాత్రమే చేయును.

ఫిలిమును మెల్లగా త్రిప్పుడు. త్రిప్పునపుడు గరగర శబ్దము విన్నయెడల బలవంతము చేయక ఆపివేయుడు. లెన్సు మూత తీసిన కెమెరాను సూర్యునివైపు తిరిగియుండునట్లు మెడలో వ్రేలాడదీయకుడు. ఇందు లోపల అడ్డముగా నిలుచు అద్దము లేదు. లెన్సు భూతద్దమువలె పనిచేసి, షట్టరు గుడ్డతెఱను కాల్చి చిల్లు చేయగలదు.

ఇంటికి వచ్చిన పిదప

మొదట కెమెరా పైభాగమును తడిపి గట్టిగా పిండిన గుడ్డతో తుడువవలెను. పైమన్ను పోకమునుపు వెనుక తలుపు తెఱచిన ఆ మన్నంతయు లోపల పడును. పిమ్మట కెమెరాను తలక్రిందుగా పట్టి రబ్బరు బుడ్డితో గాలి ఊదవలెను. నోటితో ఊదిన ఉమ్మి పడును. పంక్చరు దుకాణపు కంప్రెసరు గాలి ఎంతమాత్రము పనికిరాదు; అందు నూనె, నీరు కలిసియుండును, దాని విసురునకు షట్టరు తెఱ చిరుగును.

లెన్సు విషయమున క్రమము తప్పరాదు: మొదట గాలి, పిదప కుంచె, చివరనే గుడ్డ. రేణువులన్నియు పోయినవని నిశ్చయించుకొన్న తరువాత లెన్సుమీద ఆవిరి వచ్చునట్లు శ్వాస విడిచి, ఉతికి మెత్తబడిన నూలు గుడ్డతో నడుమనుండి అంచునకు సుతారముగా తుడువవలెను. రేంజిఫైండరు చిన్న కిటికీలనుగూడ మఱువరాదు. అవి మసకబారిన నడిమి ప్రతిబింబము వెలిసి కలయిక తెలియదు. బిగిసిన వలయములో కుట్టుమిషను నూనె వేయుట కొందఱి యలవాటు. నూనె దుమ్మును పిలిచి నిలుపుకొనును. నాలుగు దినములు సులువుగా తిరిగి, అయిదవనాడు శాశ్వతముగా బిగియును.

లెన్సుకంటె విలువైనది

కంకర యంత్రమువద్ద చిత్రము తీయబోవువానికి మఱొక మాట చెప్పవలసియున్నది. అతడు కెమెరాకు సంచి తొడుగును, లెన్సుకు ఫిల్టరు బిగించును. తన ముక్కునకు మాత్రమేమియు కట్టుకొనడు. లెన్సును గీయు పలుగురాతి పొడియే ఊపిరితిత్తులలో చేరినపుడు సిలికోసిస్ అను రోగము పుట్టును. మిల్లీమీటరులో నూఱవ వంతుకంటె చిన్న కణములు లోతుగా పోవును. తల వెండ్రుక మందము అంతకు కొన్ని రెట్లు. ముక్కునకు కట్టిన చేతిరుమాలు వానిని ఆపదు. ఎన్-95 అను గుర్తుగల ముసుగు సరిగా అమర్చుకొన్న చాలవఱకు ఆపును. ఈ రోగమును పూర్తిగా నయముచేయు మందు లేదు. మన దేశమున 1948 నాటి కర్మాగారముల చట్టమే దీనిని అధికారులకు తప్పక తెలుపవలసిన రోగముల పట్టికలో చేర్చినది. రాతిని నీటితో తడిపిన పొడి లేచుట తగ్గును. యంత్రమునకు కప్పు వేసిన ఇంకను తగ్గును.

మన పాఠశాలలో చదువు పిల్లల తండ్రులు, అన్నలు కొందఱు ఇట్టి పనులలోనే జీవించుచున్నారు. ఛాయాచిత్రకారుడు ఆ దుమ్ములో ఒక గంట నిలిచి, కెమెరాకు చేయు రక్షణ యంతయు చేసి, వెడలిపోవును. పనివాడు రోజంతయు, ఏండ్ల తరబడి అచ్చటనే యుండును. విద్యార్థులారా, మీరు తీయు చిత్రములలో వారి ముఖములు తేటగా రావలెనని లెన్సును తుడువుడు. ఆ చిత్రమును ఇంటికి తీసికొనిపోయి యిచ్చునపుడు, లెన్సునకు హానిచేయు ఆ పొడి మనిషికి చేయు హానినికూడ వారికి విప్పి చెప్పుడు. ముసుగు ధరించి పనిచేయుమని తండ్రిని అడుగుట కుమారునికి తప్పు కాదు.